సిరొంచ రాతి ఎముకల అడవిలో రాత్రి గడిపే ముందు

డిసెంబర్ వచ్చిందంటే మా ఇంటికి ఫోన్లు మొదలవుతాయి. మంచిర్యాల నుంచి, కరీంనగర్ నుంచి, ఒక్కోసారి హైదరాబాద్ నుంచి. "మామా, పిల్లలకు సెలవులు వస్తున్నాయి. డైనోసార్లు తిరిగిన అడవిలో ఒక రాత్రి టెంటు వేసుకుంటాం. పులి గిట్ల వస్తదా?" అందరూ పులి గురించే అడుగుతారు. పులి ఉంది, ఎలుగుబంటి ఉంది, కాదనను. కానీ సిరొంచలో పుట్టి పెరిగిన నాకు, రాత్రి బయట పడుకునేవాళ్ళ విషయంలో ఎక్కువ టెన్షన్ పెట్టేవి నది, కట్లపాము, దోమ. ఈ మూడింటి గురించి ఎవరూ అడగరు. అందుకే ముందే రాసి పెడుతున్నాను.

కాళేశ్వరం దగ్గర గోదావరి వంతెన దాటితే మహారాష్ట్ర, గడ్చిరోలి జిల్లా, మా సిరొంచ తాలూకా. ఆఫీసులో మరాఠీ, ఇంట్లో తెలుగు, అడవి ఊళ్ళలో గోండి, మాడియా. ఈ నేల కింద 16 కోట్ల ఏళ్ళకు పైబడిన ఎముకలున్నాయి. 1958 నుంచి 1961 దాకా ఇక్కడ పోచంపల్లి దగ్గర దొరికిన ఎముకలతోనే బరపాసారస్ అనే డైనోసార్ సంగతి లోకానికి తెలిసింది. బెంగాలీలో 'బర పా' అంటే పెద్ద కాలు. పొడవు దాదాపు 14 మీటర్లు, పూర్తిగా ఆకులు మేసే జంతువు. దాని అస్థిపంజరం ఇప్పుడు కోల్‌కతాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ మ్యూజియంలో నిలబడి ఉంది. ప్రాణహిత ఆవలి ఒడ్డున యామన్‌పల్లిలో దొరికిన దాని చుట్టం కోటసారస్‌ను హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో చూడొచ్చు. ఇక్కడ వడధం ఫాసిల్ పార్కులో రాయిగా మారిన చెట్ల మొద్దులు చూడండి. వాటి మీద చెక్క పొరలు ఇంకా కనిపిస్తాయి.

పోచంపల్లిలో ఆ ఎముకలు పెద్ద పెద్ద చెట్ల దుంగలతో కలిసి దొరికాయి, వరద తెచ్చి పడేసినట్టు. నది సంగతి ముందు చెప్పడానికి అదీ ఒక కారణమే. కోట్ల ఏళ్ళ కింద ఈ నేలలో నీళ్ళు ఏం చేశాయో, ఇప్పుడూ అదే చేయగలవు.

ప్రాణహిత అంటే వార్ధా, వైన్‌గంగ కలిసిన నది. ఆ రెండూ విదర్భ వానను మోసుకొస్తాయి. అంటే మన నెత్తిన చుక్క పడకపోయినా, ఎక్కడో నాగపూర్, భండారా వైపు గట్టిగా కురిస్తేనో, పైన డ్యాం గేట్లు ఎత్తితేనో ఇక్కడ నీళ్ళు పెరుగుతాయి. 2022 జూలైలో మా తాలూకాలో ఊళ్ళకు ఊళ్ళే ఖాళీ చేయాల్సి వచ్చింది. చలికాలంలో అంత ప్రమాదం లేదు, నిజమే. కానీ తెల్లటి ఇసుక తిన్నె చూడగానే అందరికీ అక్కడే టెంటు వేయాలనిపిస్తుంది. వద్దు. ఒడ్డున పొదల్లో చూడండి, ఎండిన గడ్డి, ప్లాస్టిక్ కవర్లు కొమ్మలకు చిక్కుకుని వేలాడుతుంటాయి. అది పోయిన వానాకాలం నీళ్ళు వచ్చిన ఎత్తు. మీ టెంటు దానికి పైన ఉండాలి. వాగుల పక్కన కూడా ఇదే లెక్క. పిల్లల్ని నీళ్ళలోకి దింపేటప్పుడు ఇసుక తీసిన గుంతలు గుర్తుంచుకోండి. మోకాలి లోతు నీళ్ళలో నడుస్తుంటే ఒక్క అడుగు తేడాతో నిలువు లోతు వస్తుంది. ఏ చోట దిగొచ్చో ఊళ్ళో చేపలు పట్టేవాళ్ళను అడగండి, వాళ్ళకు నది ప్రతి ఏడాదీ ఎక్కడ మారిందో తెలుసు.

ఎప్పుడు రావాలంటే, నవంబర్ సగం నుంచి ఫిబ్రవరి దాకా. మార్చి దాటితే ఎండ తట్టుకోలేరు, పైగా ఇప్పపువ్వు రాలే కాలం. ఇప్పపువ్వు ఎలుగుబంటికి ప్రాణం. మా ఊళ్ళ ఆడవాళ్ళు తెల్లవారుజామున పువ్వు ఏరడానికి వెళ్తారు, అదే వేళకు ఎలుగూ వస్తుంది. మే నెలలో తునికాకు పని, అడవి నిండా మనుషులు, ఆకుల కింద ఎండిన చెత్త, ఒక్క అగ్గిపుల్ల చాలు. వానాకాలం ఊసే వద్దు.

రిజర్వ్ అడవిలో మీ ఇష్టం వచ్చినట్టు టెంటు వేయకూడదు, అది నేరం. సిరొంచ ఫారెస్ట్ ఆఫీసులో ముందుగా రాసిచ్చి, ఎక్కడ ఉండొచ్చో వాళ్ళు చెప్పిన చోటే ఉండండి. దగ్గరి పోలీస్ ఠాణాలోనూ, ఊరి పోలీస్ పాటిల్‌కీ (పోలీసులకు ఊరి సమాచారం చెప్పే గ్రామ అధికారి) ఎంతమంది వచ్చారో, ఎన్ని రోజులుంటారో చెప్పండి. నక్సల్ సమస్య ఎన్నో ఏళ్ళు నలిపిన జిల్లా ఇది. చెప్పకుండా తిరిగే కొత్త మొహాలను ఎవరైనా అనుమానంగానే చూస్తారు. మిలిటరీ రంగు బట్టలు వేసుకోవద్దు, డ్రోన్ తేవద్దు. నన్నడిగితే మొదటిసారి వచ్చేవాళ్ళు అడవి లోపల కాదు, ఊరి అంచున, ఎవరైనా తెలిసిన వాళ్ళ చేను గట్టున పడుకోవడమే మేలు. ఆకాశం అక్కడా అదే, నక్షత్రాలూ అవే.

ఇక కట్లపాము. రక్తపింజరి కాటేస్తే నొప్పి, వాపు, వెంటనే తెలుస్తుంది. కట్లపాము అలా కాదు. రాత్రి నేల మీద పడుకున్నవాళ్ళ పక్కలోకి వస్తుంది, చీమ కుట్టినట్టు ఉంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు. వాపు కనిపించదు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటారు, రెప్పలు బరువెక్కి కిందికి వాలతాయి, మాట ముద్దగా వస్తుంది, తర్వాత ఊపిరి అందదు. "రాత్రి తిన్నది పడలేదేమో" అని వాము నీళ్ళు ఇచ్చి పడుకోబెడితే మనిషి చేజారిపోతాడు. బయట పడుకున్న రాత్రి ఎవరికైనా పొద్దున్నే కడుపునొప్పి, రెప్పల బరువు కలిసి వచ్చాయంటే పాము కాటు అనే అనుకుని బయల్దేరండి. కట్టు బిగించొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు, మంత్రగాడి దగ్గర గంట కూడా పోగొట్టొద్దు. చెయ్యి లేదా కాలు కదలకుండా చూసి నేరుగా సిరొంచ గ్రామీణ రుగ్ణాలయానికి, అంటే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళండి. 108 ఇక్కడా పనిచేస్తుంది, కానీ అడవిలో సిగ్నల్ ఉండదు, అందుకే రాత్రంతా ఒక బండి డీజిల్‌తో సిద్ధంగా, ముఖం రోడ్డు వైపు తిప్పి పెట్టుకోవాలి. మా జిల్లా ఆసుపత్రి గడ్చిరోలిలో, దాదాపు 200 కిలోమీటర్లు. ఆ దూరం గుర్తుంటే చాలా జాగ్రత్తలు వాటంతటవే వస్తాయి.

వీలైతే మడత మంచాలు తెచ్చుకోండి. దోమతెర అంచులు పరుపు కిందికి నాలుగు వైపులా దోపాలి, ఊరికే వేలాడదీస్తే లాభం లేదు. టెంటు జిప్పు పిల్లలు తీసి వదిలేస్తారు, పెద్దవాళ్ళే వేయాలి. రాత్రి బయటికి వెళ్ళాల్సి వస్తే టార్చి, బూట్లు, తోడు ఒకరు. పులి విషయంలో కూడా ఇదే జాగ్రత్త, ఒంటరిగా వంగి కూర్చున్న మనిషి దానికి మనిషిలా కనిపించడు. పోయిన ఏడు మా అక్క కూతురు పొద్దున్నే బూటు వేసుకోబోతుంటే నేను లాక్కుని నేలకేసి కొట్టాను. లోపలి నుంచి ఎర్ర తేలు పడింది, కొండి పైకెత్తుకుని అలాగే నిలబడింది. పిల్ల ఏడవలేదు గానీ ఇప్పటికీ ఇంట్లో చెప్పులు కూడా దులిపి వేసుకుంటుంది.

చలి బాగా ఉంటుంది, దుప్పట్లు ఎక్కువే తెచ్చుకోండి. బొగ్గుల కుంపటి మాత్రం టెంటు లోపలికి తేవద్దు. బొగ్గుల నుంచి వచ్చే విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. వాగు నీళ్ళు కాచి తాగండి.

రాళ్ళ గురించి నా మనసులో మాట. నడుస్తుంటే కాలికి తగులుతాయి. ఎర్రమట్టిలో గోధుమరంగు ముక్క, విరిగిన అంచున తేనెపట్టులా సన్నటి గదులు. అది ఎముక కావచ్చు. ఫోటో తీసుకోండి, పక్కన ఒక నాణెం పెట్టి తీస్తే సైజు తెలుస్తుంది, ఫారెస్ట్ ఆఫీసులో చూపించండి. జేబులో వేసుకోవద్దు. ఏ పొరలో, ఏ ముక్క పక్కన ఉందో తెలిస్తేనే అది ఎముకగా ఏదైనా చెబుతుంది. మీ షోకేసులో అది ఒట్టి రాయి. రిజర్వ్ అడవిలోంచి రాయి తీసుకెళ్ళడం నేరం కూడా. ఒకసారి మా చుట్టాల పిల్లాడు రాతి చెక్క ముక్కొకటి సంచిలో దాచుకున్నాడు. మా అమ్మ చూసి, మారు మాట్లాడకుండా చెయ్యి పట్టుకుని నడిపించుకెళ్ళి, తీసిన గుంట ఇంకా కనిపిస్తుంటే అందులోనే పెట్టించింది.

చివరిది దోమ. మహారాష్ట్రలో మలేరియా ఎక్కువగా కనిపించే జిల్లాల్లో మాదొకటి, అందులో ప్రాణం మీదికి తెచ్చే ఫాల్సిపారం రకం కూడా ఉంది. కుట్టిన రోజే జ్వరం రాదు, వారం నుంచి రెండు వారాలు, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా వస్తుంది. మా మేనల్లుడికి ఇంటికి వెళ్ళిన పన్నెండో రోజు వచ్చింది. ఊళ్ళో ఒక క్లినిక్‌లో వైరల్ జ్వరం అని మూడు రోజులు మాత్రలిచ్చారు. గడ్చిరోలి అడవిలో పడుకున్నానని వాడు చెప్పలేదు, వాళ్ళు అడగలేదు. నాలుగో రోజు మాట తడబడుతుంటే మా అక్క నాకు ఫోన్ చేసింది, అప్పుడు రక్తపరీక్ష చేయిస్తే ఫాల్సిపారం అని తేలింది. బతికాడు, కానీ ఐసీయూలో అయిదు రోజులున్నాడు. కాబట్టి ఇక్కడి నుంచి వెళ్ళిన నెలా రెండు నెలల్లో ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా, డాక్టర్‌తో మొదటి మాటగా "గడ్చిరోలి అడవిలో రాత్రి పడుకున్నాం" అని చెప్పండి, మలేరియా పరీక్ష ఆ రోజే చేయించండి.