అన్నీ క్రీమే అనిపించే నాలుగు షేడ్లలో మీ గోడకి ఏది నప్పుతుంది?

షేడ్ కార్డులో క్రీము, ఐవరీ, బీజ్, లేత బూడిద పక్కపక్కనే ఉంటే అన్నీ ఒకటే కదా, ఏదో ఒకటి వేయించేద్దాం అనిపిస్తుంది. ఒంగోల్లో మా ఇంటి హాలుకి నేను చేసింది అదే. కొట్లో గంధం రంగులా కనిపించిన షేడు పగలు బాగానే ఉంది కానీ, సాయంత్రం లైట్లు వేయగానే గోడలన్నీ లేత గులాబీకి తిరిగిపోయాయి. "ఆరితే సరిపోద్ది సార్" అన్నాడు పెయింటర్. రెండో కోటు పూర్తిగా ఆరాక కూడా ఆ గులాబీ పోలేదు. మళ్లీ పెయింటు కొని, మళ్లీ కూలిచ్చి వేయించాను. ఆ ఖర్చు మీకు తప్పాలనే ఇదంతా రాస్తున్నాను.

ఈ లేత రంగుల్లో ప్రతి దాని వెనకా ఇంకో రంగు ఉంటుంది. తెల్ల పెయింటులో కొద్దికొద్దిగా పసుపు, ఎరుపు, నలుపు లాంటి రంగులు కలిపితేనే ఈ షేడ్లు వస్తాయి, అందుకే ఒకటి పసుపుకి లాగుతుంది, ఒకటి గులాబీకి, ఇంకొకటి ఆకుపచ్చకి, లేత బూడిదలు ఎక్కువగా నీలానికి. ఒక్క షేడునే చేతిలో పట్టుకుని ఎంతసేపు చూసినా ఇది తెలియదు. మీకు నచ్చిన మూడు నాలుగింటినీ ఒక తెల్ల కాగితం మీద పక్కపక్కన పెట్టండి, అప్పుడు దేనిలో ఏముందో బయటపడుతుంది. ఇంకో ఉపాయం, కార్డులో అదే వరుసలో ఉన్న ముదురు రంగు చూడండి. పైన ఉన్న లేత షేడు మీకు క్రీములా కనిపించినా కింద ముదురుది ఇటుక రంగులో ఉందంటే, ఆ ఎరుపు మీ గోడ మీదికి కూడా వస్తుంది.

తర్వాత, ఇంట్లో మార్చలేనివి ఏంటో చూసుకోండి. మన వైపు చాలా ఇళ్లలో నేలకో వంటగట్టుకో చీమకుర్తి గెలాక్సీ రాయి (నల్ల గ్రానైట్) ఉంటుంది. వంగి దగ్గరగా చూడండి, ఆ నలుపులో మెరిసే చుక్కలు రాగి, బంగారు రంగుల్లో ఉంటాయి. షేడ్ కాగితాన్ని ఆ రాయికి ఆనించి చూస్తే పసుపు కలిసిన క్రీము ఆ చుక్కలతో కలిసిపోతుంది, నీలం కలిసిన బూడిద మాత్రం నా కంటికి సిమెంటులా కనపడింది. అదే మీది తెల్లటి టైల్సు, వాటిలో బూడిద చారలు ఉంటే లెక్క తిరగబడుతుంది, అక్కడ పసుపు క్రీము వేస్తే కొత్త గోడ కూడా పాతబడినట్టు ఉంటుంది. టేకు తలుపులకి పాలిష్ పట్టించాక వచ్చే ఎరుపు ఛాయని కూడా మర్చిపోవద్దు.

లైట్లు ఏవి పెడతారో రంగు కంటే ముందే తేల్చుకోండి, నేను దెబ్బతిన్నది ఇక్కడే. బల్బు డబ్బా మీద 6500కె అని ఉంటే తెల్లని వెలుగు, కాస్త నీలం వైపు. 3000కె అని ఉంటే పసుపు వెలుగు, దాని కింద క్రీములు ఇంకా ముదురుతాయి, గులాబీ ఉన్నవి బాగా బయటపడతాయి. కొట్లో తెల్ల లైట్ల కింద రంగు ఎంచుకుని ఇంట్లో పసుపు లైట్లు పెడితే మీరు చూసింది వేరు, వేసింది వేరు.

పగటి వెలుగు సంగతికొస్తే, తూర్పు గదికి పొద్దున ఎండ, పడమటి గదికి సాయంత్రం ఎండ వెచ్చగా పడతాయి. ఉత్తరం గదికి సాధారణంగా చల్లని వెలుగే వస్తుంది, కానీ మన ఒంగోలు దగ్గర మే మొదటి నుంచి ఆగస్టు రెండో వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు కాస్త ఉత్తరానికే ఉంటాడు కాబట్టి ఆ నెలల్లో తేడా కనిపించవచ్చు. కిటికీ ఎదురుగా వేప చెట్టో, పక్కింటి పచ్చ గోడో ఉంటే ఆ పచ్చదనం కూడా లోపలికి వస్తుంది.

ఇక శాంపిల్. దీన్ని నేరుగా పాత గోడ మీద వేయొద్దు, పాత రంగు పక్కన కొత్తది వేరేలా కనపడుతుంది. మందపాటి తెల్ల డ్రాయింగ్ షీటుకి అంచుల దాకా రెండు కోట్లు వేసి పూర్తిగా ఆరనివ్వండి, ఎమల్షన్ తడిగా ఉన్నప్పుడు లేతగా కనిపించి ఆరాక సాధారణంగా ఒక పిసరు ముదురుతుంది. ఒక్కో షేడుకి రెండు షీట్లు చేసి గది మూలలో ఎదురెదురు గోడలకి కాకుండా కలిసే రెండు గోడలకీ అంటించండి. ఒక గోడ రంగు ఇంకో దాని మీద పడి మూలలో రంగు చిక్కబడుతుంది, చివరికి మీ గది మొత్తం ఎలా ఉండబోతుందో అక్కడే సుమారుగా తెలుస్తుంది. షీటుని టేబుల్ మీద పడుకోబెట్టి చూడకండి, గోడలాగా నిలబెట్టే చూడండి. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి లైట్లలో, కనీసం రెండు రోజులు.

రెండు షేడ్లు మిగిలి తేలకపోతే ఎల్‌ఆర్‌వీ (లైట్ రిఫ్లెక్టెన్స్ వాల్యూ) అంకె చూడండి, చాలా షేడ్లకి కంపెనీలు ఇస్తాయి. నలుపు 0, తెలుపు 100, అంకె ఎంత పెద్దదైతే గోడ అంత వెలుగు తిరిగి ఇస్తుంది. వెలుతురు తక్కువున్న గదికి నేనైతే 70కి పైనున్నదే తీసుకుంటాను.

నెల్లూరు, ఒంగోలు వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు కదా, గోడలో చెమ్మ ఉండగా ఏ షేడు వేసినా మచ్చలే కనపడతాయి, గోడ ఆరాకే లప్పం, ప్రైమర్ మొదలుపెట్టించండి. పెయింటు మొత్తం ఒకేసారి కలిపించుకోండి. తగ్గి మళ్లీ తెస్తే ఒకే గోడ మధ్యలో కొత్త బకెట్ తెరవనివ్వకండి, మూల నుంచి మొదలుపెట్టమనండి. మూత మీద అతికించిన స్టిక్కర్‌ని, ఆ కోడ్, ఫినిష్ పేరు చదవగలిగేలా ఫోటో తీసి దాచుకోండి, ఎందుకంటే అదే కోడ్ మెరుపు లేని మ్యాట్‌లో ఒకలా, కాస్త మెరిసే షీన్‌లో ఒకలా ఉంటుంది, రేపు సోఫా రాసుకుని గోడ గీరుకుపోతే టచప్‌కి ఆ రెండూ కావాలి.