పరలోకంలో బహుమానం అంటారు కదా, మరి దానికోసం ఇక్కడ ఎలా బతకాలి

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక ఇంటర్ చదివే అబ్బాయి ఒకడు నన్ను ఆపి "అక్కా, రక్షణ ఉచితం అంటారు, మళ్ళీ ఎవరి క్రియల్ని బట్టి వాళ్ళకి బహుమానం అంటారు, రెండిట్లో ఏది నిజం" అని అడిగాడు. మెట్ల మీద నిలబడి చెప్పేసే జవాబు కాదు అది, అందుకే ఇలా కూర్చుని రాస్తున్నాను. సండే స్కూల్లో పిల్లలకి చెప్పేవాళ్ళకి కూడా పనికొస్తుంది.

ముందు ఈ రెండూ విడదీసి పెట్టుకోండి. బైబిల్లో ఎఫెసీ 2:8-9 ప్రకారం రక్షణ కృప వల్ల, అంటే మన అర్హత చూడకుండా దేవుడు చూపే దయ వల్ల, విశ్వాసం ద్వారా, క్రియల వల్ల కాదు. అంటే పరలోకంలోకి టికెట్ మనం కొనుక్కునేది కాదు, యేసు సిలువ మీద కొనేశాడు. బహుమానం సంగతి ఆ తర్వాత. 1 కొరింథీ 3వ అధ్యాయంలో పౌలు పునాది క్రీస్తే అని చెప్పి, దాని మీద ఎవరు దేనితో కడుతున్నారో చూసుకోమంటాడు, బంగారం, వెండి, వెలగల రాళ్ళు, కర్ర, గడ్డి, కొయ్యకాలు. ఈ కొయ్యకాలు అన్న మాట మన డెల్టా వాళ్ళకి ఎవరూ వివరించక్కర్లేదు, సార్వా కోతలయ్యాక చేలో మిగిలేవి అవేగా, నిప్పు పెడితే ఎంతసేపు పడుతుందో అందరం చూసినవాళ్ళమే. తీర్పు రోజున నిప్పు ఒక్కొక్కరి పనిని పరీక్షిస్తుంది, నిలిచిన పనికి జీతం ఉంటుంది, కాలిపోతే నష్టం, అయినా ఆ మనిషి మాత్రం మంటల్లోంచి తప్పించుకున్నట్టు రక్షింపబడతాడు అని అక్కడే ఉంది. కాబట్టి ఆ అబ్బాయికి నా జవాబు రెండూ నిజమే అని. కేథలిక్ సోదరులు దీన్ని కొంచెం వేరేగా చెప్తారు, కృపతో చేసిన మంచి పనుల పుణ్యఫలం అంటారు, కానీ మొదలు కృపే అని వాళ్ళూ ఒప్పుకుంటారు.

ఇక ఎలా బతకాలి అన్నది. నేనైతే పేరు దగ్గర మొదలుపెట్టమంటాను, ఎందుకంటే మన దగ్గర ఎక్కువ పోగొట్టుకునేది అక్కడే. మత్తయి 6లో ధర్మం, ప్రార్థన, ఉపవాసం మూడిటి గురించీ యేసు ఒకటే మాట మూడుసార్లు చెప్పాడు, మనుషులకి కనబడాలని చేస్తే వాళ్ళు తమ ఫలం పొందేశారు అని. ఆ "పొందేశారు" అన్న గ్రీకు మాట అప్పట్లో రసీదుల మీద రాసేవాళ్ళంట, సొమ్ము మొత్తం ముట్టింది అని. ఇది తెలిసినప్పుడు నాకు చాలా భయమేసింది, ఎందుకంటే మా నాన్న పోయాక మందిరానికి మేం ఫ్యాన్లు ఇచ్చి రెక్కల మీద పేరు రాయించాం, ప్రతి ఆదివారం వాక్యం చెప్తుంటే నా కళ్ళు ఆ రెక్కల మీదకే పోయేవి, ఫ్యాన్ ఆపినప్పుడు పేరు కనపడుతుందా లేదా అని కూడా చూసేదాన్ని. ఆ తర్వాత కుర్చీలు ఇచ్చినప్పుడు ట్రెజరర్ గారికి ఒక్కరికే చెప్పాం. మీరూ అలా చేసి చూడండి, కానుక కవర్ మీద పేరు రాయకండి, వరదలప్పుడు లంకల్లో బియ్యం పంచితే ఫోటో స్టేటస్‌లో పెట్టకండి, తీసుకునేవాళ్ళ మొహం అసలే వద్దు. సంఘం లెక్కల కోసం రసీదు రాస్తే పర్లేదు, అది దాచాల్సింది కాదు.

ఇప్పుడు చదివింపులు. పెళ్ళిలో టేబుల్ వేసుకుని పుస్తకం పెట్టుకుని ఫలానావారు వెయ్యిన్నూట పదహారు అని రాస్తారు కదా, వాళ్ళింట్లో పెళ్ళయితే ఆ పుస్తకం తీసి చూసి అంతా లేకపోతే ఇంకో నూరు వేసి పెడతాం. తప్పని నేననను, చుట్టరికాలు అలాగే నడుస్తాయి. కానీ లూకా 14:12-14లో యేసు చెప్పింది సరిగ్గా దీని గురించే, భోజనం పెట్టినప్పుడు చుట్టాల్నీ డబ్బున్న పొరుగువాళ్ళనీ పిలిస్తే వాళ్ళు తిరిగి పిలుస్తారు, లెక్క సరిపోతుంది, అందుకని బీదల్నీ కుంటివాళ్ళనీ గుడ్డివాళ్ళనీ పిలువు, వాళ్ళు తిరిగి ఇవ్వలేరు కాబట్టి నీతిమంతుల పునరుత్థానంలో నీకు తిరిగి దొరుకుతుంది అన్నాడు. అంటే తిరిగిరాని చదివింపు మాత్రమే అక్కడి పుస్తకంలో ఎక్కుతుంది అని నాకు అర్థమైంది. కాబట్టి ఈ క్రిస్మస్‌కి ఇంట్లో వంట చేసేటప్పుడు ఒక పని చేయండి, మిమ్మల్ని తిరిగి భోజనానికి పిలవలేని ఇల్లు ఒకటి అనుకోండి, పిల్లలు గల్ఫ్‌లో ఉండి ఒంటరిగా ఉన్న ముసలాయనో, కూలి పనికి వచ్చి కాలవగట్టు మీద గుడిసె వేసుకున్నవాళ్ళో. క్యారేజీ కట్టి పంపించేయడం కాదండి, ఇంటికి పిలిచి మీ పక్కన కూర్చోబెట్టి వడ్డించండి.

డబ్బు లేనివాళ్ళు కంగారు పడక్కర్లేదు. మత్తయి 10:42లో లెక్కలోకి వచ్చింది గిన్నెడు చన్నీళ్ళు, అవి ఇచ్చినవాడు కూడా తన ఫలం పోగొట్టుకోడు అని. మా అమ్మమ్మ పూటపూటా ఎసట్లో పోసే బియ్యంలోంచి గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేసేది, నెలాఖరుకి మందిరానికి తీసుకెళ్ళేది, ఇంట్లో బియ్యం తక్కువున్న రోజు కూడా మానలేదు. ఆ డబ్బా ఇప్పుడు మా ఇంట్లో ఉంది, నేనూ అలాగే వేస్తున్నాను. అలాగని వందిస్తే వెయ్యొస్తుంది, కానుక వేయండి ఇల్లు కట్టుకుంటారు అని సభల్లో చెప్పేవాళ్ళ మాట నమ్మకండి, యేసు పరలోకంలో ధనం కూర్చుకోమన్నాడు గానీ కానుకల సంచిని చిట్టీ పాటగా మార్చమనలేదు.

చేసే పని సంగతి కూడా చెప్పాలి, చాలామంది బహుమానం పాస్టర్లకీ మిషనరీలకీ అనుకుంటారు. కొలొస్సయి 3:23-24 పౌలు రాసింది బానిసలకి, ఏం చేసినా మనుషుల కోసం కాదు ప్రభువు కోసం అని మనస్ఫూర్తిగా చేయండి, స్వాస్థ్యం, అంటే వారసత్వం, అనే ప్రతిఫలం ప్రభువే ఇస్తాడు అని. ఆస్తిలో చిల్లిగవ్వ రాని మనుషులకి వారసత్వం అని చెప్తున్నాడు చూడండి. నరసాపురం చుట్టుపక్కల ఇళ్ళల్లో కూర్చుని లేసు అల్లే ఆడవాళ్ళని చూస్తే నాకు ఈ వచనమే గుర్తొస్తుంది, సరుకు ఎక్కడికో ఎగుమతి అయిపోతుంది, దాని మీద అల్లినావిడ పేరు ఉండదు, కూలి కూడా అంతంతమాత్రమే. కొనేవాడు చూడని కుట్టు కూడా సరిగ్గా వెయ్యడం ప్రభువు చూస్తాడు. కూలి సరిగ్గా ఇవ్వని వాళ్ళకి కూడా ఆ పక్కనే మాట ఉంది, 4:1, పరలోకంలో మీకూ యజమాని ఉన్నాడు అని. బౌడెన్, బీర్ అని ఇద్దరు దొరలు 1836లో ఇంగ్లండ్ నుంచి వచ్చి నరసాపురంలో స్థిరపడ్డారు, ఒకాయన రాళ్ళ పని మేస్త్రీ, ఇంకొకాయన చెప్పులు కుట్టేవాడు. నాటేవాడికీ నీళ్ళు పోసేవాడికీ ఎవరి కష్టాన్ని బట్టి వాళ్ళకి జీతం అని 1 కొరింథీ 3:8, మన సంఘాల్లో చాలావాటికి నాటినవాళ్ళు ఇలాంటి చేతిపనుల వాళ్ళే.

కిరీటాల గురించి అందరూ అడుగుతారు. అక్షయమైన కిరీటం, అతిశయ కిరీటం, నీతి కిరీటం, జీవ కిరీటం, మహిమ కిరీటం అని ఐదు మాటలున్నాయి. కొందరు ఐదూ వేరువేరు అని లిస్టు వేసి చెప్తారు, నాకైతే ఆ లెక్క మీద వాదన పెట్టుకోవాలనిపించదు. అక్కడ వాడిన గ్రీకు మాట రాజు పెట్టుకునే కిరీటం మాట కాదు, పరుగు పందెంలో గెలిచినవాడి తలకి చుట్టే ఆకుల దండ, వాడిపోయేది, అందుకే పౌలు మనది వాడిపోనిది అన్నాడు. ప్రకటన 4:10లో పెద్దలు తమ కిరీటాలు తీసి సింహాసనం ముందు వేసేస్తారు. బహుమానం ఆశించడం స్వార్థం కదా అని అడిగేవాళ్ళకి నేను ఇదే చూపిస్తాను, వచ్చినదాన్ని ఇచ్చినవాడి కాళ్ళ దగ్గర పెట్టడానికే. అయినా తనని వెదికేవాళ్ళకి ఫలం ఇచ్చేవాడని నమ్మాలి అని హెబ్రీ 11:6 చెప్తుంటే మనం అంతకన్నా ఎక్కువ భక్తి చూపించక్కర్లేదు.

ఒకటి మిగిలింది, మంచం పట్టినవాళ్ళు. మందిరానికి రాలేరు, ఇవ్వలేరు, ఇంక నావల్ల ఏం అవుతుందమ్మా అంటారు. మత్తయి 6:6 గది తలుపు వేసుకుని చేసే ప్రార్థనకి తండ్రి ప్రతిఫలం ఇస్తాడని చెప్తుంది, ఆ గదిలో రోజంతా ఉండేది వాళ్ళే. వచ్చే వారం ఆరాధన అయ్యాక సంఘంలో ఎవరికి జబ్బు, ఎవరికి పరీక్షలు, ఎవరింట్లో గొడవ, అడిగి రాసుకుని ఆ కాగితం వాళ్ళకి ఇచ్చి రండి. చత్వారం ఉంటుంది కాబట్టి అక్షరాలు పెద్దగా రాయండి.