డిజైన్ ప్రాజెక్టు నమూనాను చేలో పరీక్షించడం ఎలా?

ప్రోడక్ట్ డిజైన్ చదివే డిప్లొమా విద్యార్థుల ప్రాజెక్టులు బొమ్మ గీయడంలో చెడవు, పరీక్షించడంలో చెడతాయి. అనంతపురం వైపు చేయదగ్గ పనే తీసుకుందాం: శనక్కాయ చేలో కలుపు తీసే కొడవలికి చేతికి కుదిరే పిడి.

కావలసినవి: ఒకే రకం కొడవళ్లు మూడు, పాత సైకిల్ ట్యూబు, వెర్నియర్ కాలిపర్ (అడ్డుకొలతను కచ్చితంగా కొలిచే పరికరం), మూడు రంగుల దారం. వడ్రంగి చేత 12 సెం.మీ. పొడవున 26, 30, 34 మి.మీ. అడ్డుకొలతతో మూడు గుండ్రటి పిడులు చేయించి, కదలకుండా బిగించండి.

పిడులన్నిటికీ ట్యూబు ఒక్క చుట్టే వేయాలి. రబ్బరు మందం 1 మి.మీ. ఉంటే అడ్డుకొలత 2 మి.మీ. పెరిగి 28, 32, 36 వస్తాయి. సాగదీస్తే రబ్బరు పలచబడుతుంది, అందుకే వెర్నియర్‌తో మూడుచోట్ల కొలవండి. ఒకే కర్రకు చుట్లు పెంచి లావు చేయకూడదు. మెత్తదనం కూడా మారిపోయి, నచ్చింది లావా, మెత్తనా అన్నది తేలదు.

త్రీడీ ప్రింటర్ జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. అందులో ఎక్కువగా వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, మే నెలలో ఎండలో నిలిపిన కారులో పెడితే వంగిపోగలదు. కొలత తేలేదాకా కర్రను మించింది లేదు.

ఇక అసలు కష్టం చేలో. కలుపు తీసే ఆమె చేతికి పిడి ఇచ్చి "బాగుందా అక్కా?" అని అడిగారంటే పరీక్ష అక్కడితో సరి. "బాగుంది నాయనా" అంటుంది, మీ మనసు నొప్పించడం ఇష్టంలేక. ఏది కొత్తదో, ఏది మీకిష్టమో చెప్పొద్దు. పిడులకు అంకెలు వేయొద్దు, ఒకటో నంబరంటే మేలైనదనుకుంటారు. రంగు దారం చాలు.

ఒక్కో పిడితో 15 నిమిషాల పని, నడుమ 5 నిమిషాల విరామం. మొత్తం దాదాపు గంట, కూలి ముందే మాట్లాడుకోండి. అందరికీ ఒకే వరసలో ఇస్తే చివరి పిడి మీద అలుపు భారం పడి, మంచిదైనా ఓడిపోతుంది. మూడు పిడులకు వరసలు ఆరు, కాబట్టి ఆరుగురిని పిలిచి ఒక్కొక్కరికి ఒక్కో వరస ఇవ్వండి. పొద్దున ముగ్గురు, ఎండెక్కాక ముగ్గురు అని విడదీయొద్దు. చెమట పట్టిన చేతికి పట్టు వేరు.

మీరు నోరు మూసుకుని చేతిని చూడాలి. పట్టు ఎన్నిసార్లు మార్చింది, ఎన్నిసార్లు చెయ్యి విదిలించింది, బొటనవేలు ఎక్కడ ఆనింది, ఇవే రాసుకోవాల్సినవి. చివర్లో మూడూ గట్టున పెట్టి, మిగిలిన సాలుకు ఏది కావాలో తీసుకోమనండి. ఆ చెయ్యి దేనిమీదికి పోయిందో అదే జవాబు.

తర్వాతి విడతలో ఆ అడ్డుకొలతను అలాగే ఉంచి పొడవు ఒక్కటే మార్చండి: 10, 12, 14 సెం.మీ. అదీ తేలాక కంప్యూటర్లో డిజైన్ గీసే సాఫ్ట్‌వేర్ క్యాడ్ తెరవండి.