బెంగళూరులో సొంతింటికి యూజీడీ కనెక్షన్: దరఖాస్తు ఎక్కడ ఆగిపోతుంది?

మహదేవపుర, కేఆర్ పురం, హొరమావు వైపు సొంతిల్లు కట్టుకున్న మన తెలుగువాళ్లలో ఎక్కువమంది యూజీడీ, అంటే భూమి కింది మురుగు లైను, కనెక్షన్ పనిని ప్లంబరుకో మేస్త్రీకో అప్పగించేసి ఊరుకుంటారు. కరెంటు మీటరు కోసం పడే ఆరాటం, కావేరి నీళ్ల కోసం పడే తాపత్రయం దీని దగ్గర కనిపించవు. ‘అన్నీ కలిపి ఇంత’ అని మాట్లాడుకుంటారు, అడ్వాన్సు ఇస్తారు, ఒక రాత్రి రోడ్డు తవ్వి పైపు కలిపేస్తారు. రసీదు మాత్రం రాదు. ఎప్పుడో తనిఖీకి వచ్చినవాళ్లు ‘శానిటరీ కనెక్షన్ ఆర్డరు చూపించండి’ అన్నప్పుడు ఆ రసీదు గుర్తొస్తుంది.

‘ఈ పేపరు లేదు, ఇంకోసారి రండి’ అనిపించుకుని, విసుగెత్తి బ్రోకరు చేతిలో పడ్డవాళ్లను చూశాక ఇది రాస్తున్నాను. సొంత ఇళ్లకు, రెండు మూడు వాటాలున్న అద్దె ఇళ్లకు ఇది సరిపోతుంది. పెద్ద అపార్ట్‌మెంట్లకు ఎన్‌ఓసీలు, ఎస్టీపీ (సొంత మురుగు శుద్ధి కేంద్రం) అంటూ వేరే తతంగం ఉంది, దాని జోలికి వెళ్లడం లేదు.

ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియాలి. బెంగళూరులో తాగునీళ్లూ మురుగూ రెండూ చూసేది 1964 చట్టంతో ఏర్పడిన జలమండలి, అదే బీడబ్ల్యూఎస్ఎస్‌బీ. కార్పొరేషన్ కాదు. అయితే పైపు వెళ్లే రోడ్డు కార్పొరేషన్‌ది, ఇంటి ప్లాను ఇచ్చేదీ వాళ్లే. 2025 సెప్టెంబరు నుంచి పాత కార్పొరేషన్ బీబీఎంపీ లేదు, గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. మహదేవపుర, కేఆర్ పురం తూర్పు కార్పొరేషన్‌లోకి వెళ్లాయి. పాత బీబీఎంపీ పేరుతో ఉన్న మీ కాగితాలు చెల్లవని ఎవరైనా భయపెడితే నమ్మకండి. కొత్తగా తీసుకునేవి మాత్రం కొత్త ఆఫీసు పేరుతో వస్తాయి.

మామూలు మెట్లు త్వరగా చెప్పేస్తాను. జలమండలి వెబ్‌సైటులో కొత్త కనెక్షన్ కింద దరఖాస్తు పెట్టాలి. కొత్త ఇంటికి నీళ్లు, శానిటరీ రెండూ కలిపి అడగడం మేలు. ఖాతా సర్టిఫికెట్ (ఆస్తి మీ పేరు మీద ఉన్నట్టు కార్పొరేషన్ ఇచ్చే పత్రం) లేదా ఈ-ఖాతా, ఈ ఏడాది కందాయం (ఆస్తి పన్ను) రసీదు, మంజూరైన ప్లాను, ఆధార్, వాననీటి ఇంకుడు ఏర్పాటు ఫొటో కావాలి. 30×40 సైటు, అంటే 1,200 చదరపు అడుగులు, అంతకు మించిన స్థలంలో కొత్తగా కట్టే ఇంటికి వాననీటి ఏర్పాటు తప్పనిసరి. ఇంకుడు గుంత తవ్వకుండా నెట్‌లో దొరికిన ఫొటో పెడితే తనిఖీలో తేలిపోతుంది. తర్వాత ఇంజినీరు వచ్చి చూస్తారు, కట్టాల్సిన డబ్బు లెక్కతో డిమాండ్ నోటు వస్తుంది, డబ్బు కడతారు, బోర్డు లైసెన్సు ఉన్న ప్లంబరు పని చేస్తాడు. దరఖాస్తు పెట్టిన రోజే సకాల (ప్రభుత్వ పనులకు గడువు పెట్టే కర్ణాటక పథకం) నంబరు అడిగి తీసుకోండి. పని గడువులోగా జరగకపోతే అడగడానికి ఆధారం అదే.

మనవాళ్లు ముఖ్యంగా చూసుకోవాల్సింది పేరు. సేల్ డీడ్‌లో ఇంటిపేరు పొడి అక్షరంతో ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, ఖాతాలో ఏదో గుమాస్తా చేతిలో ఇంటిపేరు కాస్తా అసలు పేరు వెనక్కి చేరి ఉంటుంది. ముగ్గురూ ఒక్కరే అని మనకు తెలుసు, కంప్యూటరుకి తెలియదు. ఇల్లు కట్టడం మొదలుపెట్టినప్పుడే ఈ-ఖాతాలో పేరు సరిచేయించుకుంటే ఇప్పుడు నోటరీ అఫిడవిట్ల చుట్టూ తిరిగే పని ఉండదు.

ఓసీ: అందరూ ఆగేది ఇక్కడే

ఇక అసలు సంగతికి వద్దాం. ఇప్పుడు దరఖాస్తు ఆగిపోయేది ఎక్కువగా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఓసీ) దగ్గర. బెంగళూరులో ఎన్నో ఇళ్లకు ఓసీ లేదు, ఒకప్పుడు దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు కూడా. 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు మీరట్‌లోని ఒక అక్రమ కట్టడం కేసులో తీర్పు ఇస్తూ, కరెంటు, నీళ్లు, మురుగు కనెక్షన్లు కంప్లీషన్ లేదా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూపించాకే ఇవ్వాలని దేశమంతటికీ చెప్పింది. అప్పటి నుంచి కౌంటర్లో మొదట అడిగేది అదే. ‘మా పక్కింటికి రెండేళ్ల కిందట ఇచ్చారు కదా సార్’ అంటే లాభం లేదు. అప్పటి సంగతి అప్పటిది.

ఓసీ అంటే ఏమిటో చాలామందికి తెలియదు, ప్లాను ఉంటే చాలనుకుంటారు. ప్లాను కట్టడానికి ఇచ్చే అనుమతి. ఆ ప్లాను ప్రకారమే కట్టారని వచ్చి చూసి ఇచ్చేది ఓసీ. ప్లాను మీద సంతకం చేసిన ఇంజినీరు లేదా ఆర్కిటెక్టు ద్వారానే కంప్లీషన్ రిపోర్టుతో కార్పొరేషన్ టౌన్ ప్లానింగ్ విభాగంలో దరఖాస్తు చేయాలి. ఆయన ఫోను నంబరు పోగొట్టుకోకండి. ఇల్లు కట్టడం అయిపోయాక ఆయన ఎవరో, ఎక్కడున్నాడో తెలియక తలపట్టుకున్నవాళ్లున్నారు.

కొలతల్లో తేడా వస్తే ఎలా? 2003 బిల్డింగ్ బైలా ప్రకారం, వదలాల్సిన ఖాళీలోనో, కట్టిన విస్తీర్ణంలోనో 5 శాతం లోపు తేడా ఉంటే జరిమానా కట్టించుకుని సర్దుబాటు చేసే వీలుంది. వినడానికి ఇది పెద్ద వెసులుబాటులా ఉంటుంది. లెక్క వేసి చూడండి. పక్కన మూడడుగులు వదలాల్సిన చోట 5 శాతం అంటే రెండంగుళాలు కూడా కాదు. మేస్త్రీ గోడను ఒక ఇటుక మందం బయటికి జరిపాడంటే ఆ హద్దు దాటిపోయినట్టే. ఇక ప్లానులో రెండంతస్తులు రాసి, ‘పైన ఖాళీగా ఎందుకు, పీజీ హాస్టలుకి ఇద్దాం’ అని మూడోది లేపితే 5 శాతంతో పని లేదు. తనిఖీకి వచ్చినాయన ఇంట్లోకి రాకుండానే, రోడ్డు మీద నిలబడి అంతస్తులు లెక్కపెట్టుకుని వెళ్లిపోతాడు.

చిన్న సైట్లవాళ్లకు ఊరట ఉంది. 1,200 చదరపు అడుగుల వరకు ఉన్న స్థలంలో కట్టిన చిన్న నివాస భవనాలకు ఓసీ నుంచి మినహాయింపు ఇస్తూ 2025 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. అంతస్తులకు అందులో పరిమితి ఉంది. 30×40 సైటులో పరిమితికి లోబడి కట్టుకున్నవాళ్లు ఓసీ లేదని నిరాశపడి వెనక్కి వచ్చేయకుండా, ఆ ఉత్తర్వు కాపీ, ప్లాను కాపీ పట్టుకుని వెళ్లండి. కౌంటరులో ఉన్నాయన కాదంటే సబ్‌డివిజన్ అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరును కలవండి. అప్పుడూ కాదంటే కారణం రాసి ఇమ్మని అడగండి. బీ ఖాతా (అనుమతులు సరిగ్గా లేని ఆస్తులకు ఇచ్చే ఖాతా) అని తిప్పి పంపినా అంతే, నోటిమాటతో రాకండి. రాతలో కారణం ఉంటే దాని మీద అప్పీలు పెట్టుకోవచ్చు. నోటిమాట ఎక్కడా పనికిరాదు.

బ్రోకర్లు దూరేది సరిగ్గా ఈ సందులోనే. ‘మాస్టారూ, మీరు టెన్షన్ పడకండి, ఆఫీసులో మనోళ్లున్నారు. ముందు లైను కలిపేద్దాం, ఓసీ సంగతి సక్రమలో చూసుకుందాం’ అంటాడు. తెలుగులో మాట్లాడాడు, చిత్తూరు వైపువాడు అని నమ్మేస్తాం. అక్రమ కట్టడాలను జరిమానాతో క్రమబద్ధం చేసే ఆ అక్రమ-సక్రమ పథకం మీద 2017 జనవరిలోనే సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. దాన్ని చూపించి డబ్బు అడిగేవాడు మీకు అమ్ముతున్నది లేని సరుకు.

మా లేఅవుట్‌లో రిటైరైన మాస్టారొకాయన ఇలాగే ఒక ప్లంబరుకి మొత్తం డబ్బు ఇచ్చేశారు. పైపు వేశారు, పైన సిమెంటు కూడా వేశారు. తొలి వానకి వీధంతా వాసన. తీరా తవ్వి చూస్తే, ఆ పైపు యూజీడీ మ్యాన్‌హోల్లోకి కాదు, వాననీటి కాలువలోకి వెళ్తోంది. ఇలాంటి పైపులు చాలావరకు రాజకాలువల్లో, అంటే పెద్ద వాననీటి కాలువల్లో, కలిసి చివరికి బెళ్లందూరు, వర్తూరు లాంటి చెరువుల్లోకే చేరతాయి. ఆ చెరువుల నురగ, 2018 జనవరిలో బెళ్లందూరు చెరువులో లేచిన మంటలు టీవీల్లో అందరం చూశాం. అదే మురుగు యూజీడీలో కలిస్తే బెళ్లందూరు చుట్టుపక్కల శుద్ధి కేంద్రాలకు వెళ్తుంది. అక్కడ శుద్ధి చేసిన నీళ్లనే 2018 నుంచి కోలారు జిల్లా చెరువులకు పంపుతున్నారు. ముళబాగిలు, శ్రీనివాసపురం వైపు చుట్టాలున్నవాళ్లను అడగండి, ఆ నీళ్ల మీద మంచీ చెడ్డా చెబుతారు.

డబ్బు, రోడ్డు తవ్వకం

డిమాండ్ నోటు వచ్చాక ఒక్కో పద్దు చదవండి. కన్నడలో ఉందని మడిచి జేబులో పెట్టుకోకండి, లిపి దాదాపు మనదే, కూడబలుక్కుంటే అర్థమైపోతుంది. తర్వాత నగరంలో కలిసిన పాత మున్సిపాలిటీలు, 110 గ్రామాల పరిధిలో ఉన్నవాళ్లకు ప్రాజెక్టు ఖర్చులో వాటా కింద అదనపు పద్దు ఉంటుంది. దాన్ని చూసి లంచం అనుకుని గొడవపడినవాళ్లూ ఉన్నారు, అది అసలు ఛార్జీయే. నోటులో ఉన్న మొత్తం బోర్డు ఖాతాకే వెళ్లాలి. ఎవరి ఫోన్‌పే నంబరుకీ కాదు. నోటు ఎవరి పేరు మీద ఉందో, ఏ సైటు నంబరు వేశారో చూడండి. పక్క సైటు నంబరుతో వచ్చిన నోటుకి డబ్బు కట్టేస్తే దాన్ని మార్పించడం పెద్ద తలనొప్పి.

రోడ్డు తవ్వడానికి కార్పొరేషన్ అనుమతి వేరుగా కావాలి. ఆ అనుమతి కాగితం పని జరిగే చోట ఉండాలి. కొత్తగా తారు వేసిన రోడ్డయితే అనుమతి అంత తేలిగ్గా రాదు. కాబట్టి మీ వీధికి తారు పడబోతోందని తెలిస్తే దానికి ముందే దరఖాస్తు కదిలించండి. ‘రాత్రిపూట తవ్వేస్తే ఎవరికీ తెలియదు’ అనే ప్లంబరుకి తెల్లారితే ఏమీ కాదు, జరిమానా ఇంటి యజమానికే వస్తుంది.

పైపు వేసే ముందు

కాగితాలన్నీ సరిగ్గా ఉన్నా పని చెడేది లెవెల్ దగ్గర. రోడ్డు మీది మ్యాన్‌హోల్ ఎంత లోతులో ఉందో ఇంటికి పునాది వేసే ముందే చూడాలి, కానీ ఎవరూ చూడరు. ఆరంగుళాల పైపుకి కనీసం వందకి ఒకటి వాలు ఉండాలి. ముప్పై అడుగుల దూరానికి సుమారు మూడున్నర అంగుళాల పైచిలుకు దిగాలన్నమాట. వాలు తక్కువైతే నీళ్లు పోతాయి, సరుకు పైపులోనే ఆగిపోతుంది. బేస్‌మెంటులో డ్రైవరు కోసమో వాచ్‌మన్ కోసమో బాత్‌రూమ్ కట్టి, దాన్ని నేరుగా రోడ్డు లైనుకి కలిపారంటే, గట్టి వాన పడిన రాత్రి రోడ్డు మురుగు మీ బేస్‌మెంటులోకి వస్తుంది. కింది నీళ్లను మోటారుతో పైకి తోడి కలపాలి. వెనక్కి రాకుండా వాల్వు కూడా పెట్టించాలి.

కాంపౌండు లోపల, గేటుకి దగ్గర్లో మూత తెరవగలిగే ఛాంబరు ఒకటి ఉండాలి. దాని మీద టైల్స్ అతికించేయకండి. డాబా మీది వాననీటి పైపును అందులోకి కలపకూడదు. మన ఊళ్లలో ఇది ఎవరూ తప్పనుకోరు గానీ, వానొస్తే వీధి మ్యాన్‌హోళ్లు పొంగడానికి ఇదొక పెద్ద కారణం. తనిఖీలో దీన్ని తప్పకుండా చూస్తారు. పీజీ నడిపేవాళ్లు, మారతహళ్లి వైపు వాళ్లలో మనవాళ్లే ఎక్కువ, వంటగది నీళ్లకు నూనె జిడ్డును ఆపే గ్రీజు ట్రాప్ పెట్టించుకోండి. పూటకి ఎనభై మందికి వేపుళ్లు చేసే వంటగది నూనె ఛాంబర్లో గడ్డకట్టిందంటే ఏ దరఖాస్తూ కాపాడదు. దరఖాస్తులో కూడా పీజీ అయితే పీజీ అనే రాయండి. నివాసం అని రాసి తర్వాత దొరికిపోతే పాత బకాయిలతో సహా లెక్క తిరగదోడతారు.

కనెక్షన్ అయ్యాక

పాత సెప్టిక్ ట్యాంకును లైనులోనే వదిలేయొద్దు. బండి పిలిపించి ఖాళీ చేయించి, పైపును దాన్ని తప్పించి ఛాంబరుకి కలిపి, గుంతను మట్టితో పూడ్పించండి. తొలి బిల్లులో శానిటరీ ఛార్జీ పద్దు పడిందో లేదో చూడండి. పడలేదని సంతోషించకండి. పడలేదంటే బోర్డు లెక్కల్లో మీ కనెక్షన్ ఇంకా ఎక్కలేదని అర్థం, వెంటనే బిల్లు మీదున్న ఆర్‌ఆర్ నంబరుతో (మీ కనెక్షన్ నంబరు) ఫిర్యాదు చేయండి. బోరు నీళ్లే వాడేవాళ్లకు కూడా శానిటరీ ఛార్జీ ఉంటుంది, దాని మీద వాదన పెట్టుకోవడం దండగ.

ఛాంబరు పూడుకుపోతే వీధి చివర దొరికే కుర్రాణ్ని లోపలికి దించకండి. 2013 చట్టం ప్రకారం మనిషిని మురుగు గుంతలోకి దించి పని చేయిస్తే, మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు లేదా రెండు లక్షల దాకా జరిమానా, రెండూ పడొచ్చు. పని చేయించిన ఇంటి యజమానికీ అది వర్తిస్తుంది. రోడ్డు లైను పూడుకుంటే 1916కి ఫోన్ చేయండి, జెట్టింగ్ మిషన్ పంపిస్తారు. ఫిర్యాదు నంబరు రాసుకుని, మిషన్ వచ్చాక పక్కనే నిలబడి ఏ మ్యాన్‌హోల్ తెరిచారో చూడండి. మీ ఇంటి ముందుది తెరవకుండా మలుపు దగ్గరిది మాత్రమే శుభ్రం చేసి వెళ్లిపోవడం మామూలే.