పాత సర్వర్‌ను ఆపే ముందు: అందులోని ఆపరేటింగ్ సిస్టమ్‌ను గుర్తించి సమాచారాన్ని బయటికి తీసే పద్ధతి

లెక్కలన్నీ కొత్త సాఫ్ట్‌వేర్‌కు మారి ఏళ్లు గడిచినా, పాత ఖాతాలు చూడవలసి వస్తే తప్ప ఎవరూ ముట్టుకోని సర్వర్ ఒకటి చాలా కార్యాలయాల్లో ఇంకా నడుస్తూనే ఉంటుంది. దాన్ని ఏర్పాటు చేసిన వారు ఉద్యోగం మారి ఉంటారు, నిర్వహణ ఒప్పందం ఎప్పుడో ముగిసి ఉంటుంది, పాస్‌వర్డు రాసిన కాగితం దొరకదు. అందులోని సమాచారాన్ని నష్టం లేకుండా బయటికి తీసే బాధ్యత మీ మీద పడితే, మొదట తెలుసుకోవలసింది ఆ యంత్రాన్ని ఏ కంపెనీ తయారు చేసిందన్నది కాదు, ఏ పని కోసం కొన్నారన్నది. వ్యాపార సంస్థల్లోకి వచ్చిన ఒక్కొక్క సర్వర్ ఆపరేటింగ్ సిస్టమ్ ఒక్కొక్క అవసరానికి జవాబుగా పుట్టింది కనుక, ఆ అవసరమేమిటో తెలిస్తే ఫైళ్లు ఎక్కడున్నాయో, ప్రోగ్రాము ఏ యంత్రంలో నడుస్తున్నదో, ఎవరెవరికి ఏ హక్కులున్నాయో రాసి ఉండే చోటు ఏదో చాలావరకు ఊహించవచ్చు.

కరెంటు ఆపకుండా చేయవలసిన పనులు

గుర్తించే పని పూర్తయ్యేదాకా యంత్రాన్ని ఆపవద్దు. ఏళ్ల తరబడి తిరుగుతున్న హార్డ్‌డిస్కు ఒకసారి ఆగి చల్లారితే మళ్లీ తిరగకపోవచ్చు. మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ అయిపోయి ఉంటే, కరెంటు పోయిన క్షణంలోనే డిస్కు వివరాలతో సహా బయాస్‌లోని (యంత్రం లేవగానే మొదట నడిచే ప్రోగ్రాములోని) అమరికలన్నీ చెరిగిపోతాయి. 1990ల నాటి యంత్రాల్లో ఆ వివరాలను మళ్లీ చేత్తో ఎక్కించాలి, అవేమిటో చెప్పేవారు ఇప్పుడు ఉండరు. అందువల్ల ముందుగా తెరను, వెనక తగిలించిన తీగలను, డిస్కుల మీది లేబుళ్లను ఫొటోలు తీసుకోవాలి. యూపీఎస్ ఎంతసేపు నిలుస్తుందో కూడా చూసుకోవాలి. ఈ దశలో యంత్రం మీద ఎటువంటి మార్పూ చేయకూడదు. తేదీ తప్పుగా కనిపించినా సరిచేయవద్దు, డిస్కు నిండిపోయిందని కనిపించినా ఏ ఫైలూ చెరపవద్దు.

నల్లని తెర మీద పాములా మెలికలు తిరిగే గీత కనిపిస్తే

మౌస్ లేదు, నల్లని తెర మీద పాములా పాకుతున్న గీత ఒకటి కనిపిస్తోంది, ఏదైనా మీట నొక్కితే సర్వర్ పేరు, దాని పక్కన రెండు చుక్కలు వస్తున్నాయి అంటే అది నావెల్ కంపెనీ నెట్‌వేర్. ఆ పాము పొడవు, వేగం ప్రాసెసర్ మీది భారాన్ని బట్టి పెరుగుతాయి. యూటా రాష్ట్రంలోని ప్రోవోకు చెందిన నావెల్, డిస్కు ఖరీదైన వస్తువుగా ఉన్న కాలంలో, కార్యాలయంలోని పీసీలన్నీ ఒకే డిస్కును, ఒకే ప్రింటరును పంచుకోవడానికి ఈ వ్యవస్థను తయారు చేసింది. ఆ ఒక్క పనినే ఎంత బాగా చేసేదంటే, డైరెక్టరీ వివరాలను మెమరీలోనే ఉంచుకుని అడిగిన ఫైలును చటుక్కున అందించేది. అయితే ఆ వేగం కోసం ప్రోగ్రాముల మధ్య రక్షణ గోడలను వదులుకున్నారు. సర్వర్‌లో నడిచే ఒక మాడ్యూలు తప్పు చేస్తే మొత్తం యంత్రం 'ఆబెండ్' అనే సందేశంతో ఆగిపోయేది. డేటాబేసు వంటి పెద్ద ప్రోగ్రాములను సర్వర్‌లోనే నడపాలని వ్యాపార సంస్థలు కోరుకోవడం మొదలుపెట్టాక నెట్‌వేర్ వెనకబడడానికి ఇదొక ముఖ్య కారణం.

ఈ చరిత్ర నుంచి మీకు పనికివచ్చే విషయం ఒకటుంది: నెట్‌వేర్‌లో సాధారణంగా ఉండేది ఫైళ్లు మాత్రమే, వాటిని నడిపిన ప్రోగ్రాము పీసీల్లో నడిచేది. ఫాక్స్‌ప్రో అనే పాత డేటాబేసు భాషలో రాసిన లెక్కల ప్యాకేజీ అయితే డేటా ఉండే డీబీఎఫ్ ఫైళ్లతో పాటు సీడీఎక్స్ సూచికలను, ఎఫ్‌పీటీ ఫైళ్లను కూడా కలిపి కాపీ చేయాలి. ఎఫ్‌పీటీ లేకపోతే వివరణల గడుల్లోని సమాచారం దొరకదు. కన్సోలు దగ్గర 'వెర్షన్' అని కొడితే సంచిక సంఖ్య వస్తుంది. 1993లో వచ్చిన 3.12, అంతకు ముందరి 3.11లలో వాడుకదారుల జాబితా 'బైండరీ' అనే మూడు దాగిన ఫైళ్లలో ఉంటుంది. 4.0 నుంచి అది సంస్థ మొత్తానికి ఒకే డైరెక్టరీగా మారింది. 1998 నాటి నెట్‌వేర్ 5 వచ్చేదాకా సర్వర్‌తో మాట్లాడే ప్రధాన భాష ఐపీఎక్స్. మైక్రోసాఫ్ట్ విస్టా నుంచి ఐపీఎక్స్‌ను తీసేసింది కాబట్టి విండోస్ ఎక్స్‌పీ ఉన్న పీసీ ఒకటి వెతికి పెట్టుకోవాలి. దాన్ని తగిలించాక కూడా సర్వర్ కనిపించకపోతే తీగను అనుమానించే ముందు ఫ్రేమ్ రకాన్ని, అంటే నెట్‌వర్కు మీద సమాచారాన్ని పొట్లం కట్టే పద్ధతిని, చూడాలి. 3.11 మామూలుగా 802.3 వాడేది, 3.12 నుంచి 802.2కు మారింది. ఈ రెండూ కలవక ఎంతోమంది రోజులు పోగొట్టుకున్నారు. కన్సోలులో 'కాన్ఫిగ్' అని కొడితే ఏది వాడుతున్నదో తెలుస్తుంది. చెరిపేసిన ఫైళ్లను సైతం స్థలం అవసరమయ్యేదాకా నెట్‌వేర్ దాచి ఉంచుతుంది కాబట్టి, ఏదైనా ఫైలు లోపించిందనిపిస్తే 'సాల్వేజ్' ప్రోగ్రాములో వెతకవచ్చు. నెట్‌వేర్ డిస్కు విభాగాన్ని విండోస్ నేరుగా చదవలేదు. కనుక నడుస్తున్న సర్వర్ నుంచే నెట్‌వర్కు మీదుగా కాపీ చేసుకోవడం మేలు.

టెర్మినళ్లు తగిలించిన యంత్రం

వెనక ఎనిమిదో పదహారో సీరియల్ తీగలు ఒక కార్డు నుంచి బయలుదేరి గుడ్డి టెర్మినళ్ల (తెర, కీబోర్డు తప్ప సొంత ప్రోగ్రాములు లేనివాటి) దాకా పోతుంటే అది యూనిక్స్ కుటుంబం. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ ప్రారంభించిన యూనిక్స్‌ను 1973లో సీ భాషలో తిరిగి రాయడంతో, ఏ కంపెనీ యంత్రానికైనా దాన్ని మార్చుకునే వీలు కలిగింది. అందుకే సన్ కంపెనీకి సోలారిస్, హెచ్‌పీకి హెచ్‌పీ-యూఎక్స్, ఐబీఎంకు ఏఐఎక్స్ అంటూ తలా ఒకటి తయారయ్యాయి. మామూలు ఇంటెల్ యంత్రాల మీద నడిచేది మాత్రం ఎక్కువగా ఎస్‌సీఓ వారి యూనిక్స్. అంతకు ముందరి జెనిక్స్‌ను 1980లో ప్రకటించింది మైక్రోసాఫ్టే కావడం ఇప్పటి వారికి వింతగా తోచవచ్చు. 1984 నాటి రంగరాజన్ కమిటీ నివేదిక తరవాత మన దేశంలో బ్యాంకు శాఖలు కంప్యూటర్ల వైపు మళ్లినప్పుడు, ఒక యూనిక్స్ యంత్రం, దానికి తగిలించిన టెర్మినళ్లు అనే అమరిక బాగా వ్యాపించింది.

ఇక్కడ నెట్‌వేర్‌కు పూర్తిగా తిరుగుడు. టెర్మినల్‌లో ఏమీ ఉండదు. ప్రోగ్రాము, డేటా, వాడుకదారుల జాబితా అన్నీ సర్వర్‌లోనే ఉంటాయి. ఎస్‌సీఓలో 'యునేమ్ మైనస్ ఎక్స్' (ఎక్స్ పెద్ద అక్షరం) అని కొడితే సంచిక, క్రమసంఖ్య, లైసెన్సు ఉన్న వాడుకదారుల సంఖ్య ఒకేచోట కనిపిస్తాయి. 3.2వీ4.2 అని వస్తే 1990ల మొదటి భాగానిది, 3.2వీ5 అని వస్తే 1995 తరవాతి ఓపెన్‌సర్వర్. కోబాల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాషలో రాసిన ప్యాకేజీ అయితే డేటా ఫైలును మాత్రమే పట్టుకెళ్లడం వృథా. కోబాల్‌లో సంఖ్యలను కుదించి దాచే పద్ధతి ఉంది కనుక, రికార్డులో ఏ గడి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పే మూలప్రతి లేకుండా వాటిని చదవడం చాలా కష్టం. మూలప్రతి దొరకని పక్షంలో, ఆ ప్యాకేజీలోని రిపోర్టులనే ప్రింటరుకు బదులు టెక్స్ట్ ఫైళ్లలోకి పంపించి, ఏడాదికొకటి చొప్పున తీసి పెట్టుకోవడం నా ఉద్దేశంలో అన్నిటికన్నా నమ్మకమైన దారి. అన్ని హక్కులూ ఉన్న 'రూట్' ఖాతా పాస్‌వర్డు తెలియనప్పుడు అసలు డిస్కు మీద ప్రయోగాలు చేయవద్దు. ముందు డిస్కుకు పూర్తి ప్రతిబింబం తీసి, ఆ నకలు మీదే ప్రయత్నించాలి.

ఆకుపచ్చ అక్షరాల తెర, ఐబీఎం పేరు ఉన్న పెట్టె అయితే అది 1988లో వచ్చిన ఏఎస్/400 వంశానిది కావచ్చు. డేటాబేసు ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే భాగంగా ఉండడం దాని విశేషం. 'గో ఎల్‌ఐసీపీజీఎం' అని కొట్టి 10వ ఎంపికను ఎంచుకుంటే సంచిక తెలుస్తుంది. పాత తెరను చూసి పాత యంత్రమని తీర్మానించవద్దు, ఎందుకంటే ఈ వంశం ఇప్పటికీ ఐబీఎం ఐ పేరుతో కొత్త సంచికలు తెచ్చుకుంటూనే ఉంది. దీని అక్షర సంకేతాలు ఎబ్సిడిక్ పద్ధతిలో ఉంటాయి కాబట్టి, ఐబీఎం ఇచ్చే సాధనంతోనే యూనికోడ్‌లోకి మార్చి తీసుకోవాలి.

విండోస్ అయితే అంకెను చూడండి

డిజిటల్ అనే కంపెనీలో వీఎంఎస్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను రూపొందించిన వారిలో ముఖ్యుడైన డేవ్ కట్లర్ 1988లో మైక్రోసాఫ్ట్‌కు మారి నిర్మించిన విండోస్ ఎన్‌టీ, 3.1 అనే సంఖ్యతో 1993 జులైలో వెలువడింది. ఫైళ్లు పంచడం, ప్రోగ్రాములు నడపడం, వాడుకదారులను నిర్వహించడం మూడింటినీ ఒకే పెట్టెలో, పీసీ తెలిసినవారు నడపగలిగేలా ఇవ్వడమే దాని బలం. ఆదేశాల తెరలో 'వెర్' అని కొడితే వచ్చే సంఖ్యే దీని పుట్టుకను చెబుతుంది: 4.0 అంటే 1996 నాటి ఎన్‌టీ 4, 5.0 అంటే విండోస్ 2000, 5.2 అంటే సర్వర్ 2003, 6.0 అంటే 2008, 6.1 అంటే 2008 ఆర్2, 6.2 అంటే 2012, 6.3 అంటే 2012 ఆర్2. 10.0 అని వస్తే దాని తరవాతి అంకెలు చూడాలి. 14393 అయితే 2016, 17763 అయితే 2019, 20348 అయితే 2022. మైక్రోసాఫ్ట్ 2003కు మద్దతును 2015 జులై 14న, 2008 జంటకు 2020 జనవరి 14న, 2012 జంటకు 2023 అక్టోబరు 10న ఆపేసింది.

ఫైళ్ల హక్కులు ఇక్కడ పేర్లతో కాక పొడవైన గుర్తింపు సంఖ్యలతో నమోదవుతాయి. వాడుకదారుల ఖాతాలను ఉంచే సర్వర్ అయిన డొమైన్ కంట్రోలరును ముందుగా తీసేస్తే, ఆ తరవాత ఫైలు లక్షణాల్లో 'ఎస్-1-5' అంటూ మొదలయ్యే అంకెలే తప్ప మనుషుల పేర్లు కనిపించవు. కనుక వాడుకదారుల, సమూహాల జాబితాలను అన్నిటికన్నా ముందు తీసుకోవాలి. మైక్రోసాఫ్ట్ వారి ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేసు ఉంటే, మరీ పాత సంచిక బ్యాకప్‌ను నేరుగా కొత్త సంచికలోకి ఎక్కించలేరు. 2000 సంచిక బ్యాకప్‌ను మొదట 2008 లేదా 2008 ఆర్2లోకి ఎక్కించి, అక్కడ మళ్లీ బ్యాకప్ తీసి, అప్పుడు కొత్తదానిలోకి తేవాలి. 2008 ఆర్2 నుంచి విండోస్ సర్వర్ 64 బిట్లలో మాత్రమే వస్తున్నందున, డాస్ కాలపు ఫాక్స్‌ప్రో ప్రోగ్రాము దాని మీద నేరుగా నడవదు. అటువంటి దానికి 32 బిట్ల విండోస్ ఉన్న వర్చువల్ యంత్రం ఒకటి కేటాయించాలి.

2003 సర్వర్‌కు ఫైళ్లు పంచుకునే పాత పద్ధతి అయిన ఎస్ఎంబీ మొదటి సంచిక మాత్రమే తెలుసు. కొత్త పీసీ నుంచి అది కనిపించడం లేదని, కార్యాలయంలోని పీసీలన్నిటిలో ఆ పాత పద్ధతిని తిరిగి తెరిచేవారున్నారు. 2017 మేలో, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై వ్యాపించింది ఆ పద్ధతిలోని లోపం గుండానే. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు కంప్యూటర్లు కొన్ని కూడా అప్పుడు దాని బారిన పడ్డాయి. ఇంటర్నెట్‌తోనూ కార్యాలయ నెట్‌వర్కుతోనూ సంబంధం లేని ఒకే ఒక్క పీసీని తీసుకుని, సర్వర్‌కు నేరుగా తగిలించి కాపీ చేసుకోవాలి.

లినక్స్‌లో తొందరపడవద్దు

లినక్స్ యంత్రంలో 'యునేమ్ మైనస్ ఆర్' అని కొడితే వచ్చే కెర్నెల్ (లినక్స్ మూలభాగం) సంఖ్య రెడ్ హ్యాట్ లినక్స్, దాని ఉచిత రూపమైన సెంటాస్ వాడేవారికి సంచికను చెప్పేస్తుంది: 2.6.18 అంటే 5, 2.6.32 అంటే 6, 3.10 అంటే 7, 4.18 అంటే 8. అయితే రెడ్ హ్యాట్ కెర్నెల్ సంఖ్యను మార్చకుండానే భద్రతా సవరణలను పాతదానిలో చేరుస్తూ వస్తుంది. సంఖ్య పాతదైనంత మాత్రాన లోపాలన్నీ అలాగే ఉన్నాయని అనుకోకూడదు. సెంటాస్ సంగతి వేరు. 8కి 2021 డిసెంబరు 31న, 7కు 2024 జూన్ 30న సవరణలు ఆగిపోయాయి. 2021లోనే వచ్చిన ఆల్మాలినక్స్, రాకీలినక్స్ ఆ ఖాళీని పూరించాయి. పాత లినక్స్ పెట్టెలో సాంబా (విండోస్ పీసీలతో ఫైళ్లు పంచుకునే ప్రోగ్రాము) ఉంటే అది ఎన్‌టీ 4 తరహా డొమైన్‌ను, అంటే పీసీలన్నిటి లాగిన్‌లను ఒకేచోట నిర్వహించే ఏర్పాటును, నడుపుతున్నదేమో తప్పక చూడాలి, ఎందుకంటే దాన్ని ఆపిన మరునాడు పీసీల్లో లాగిన్‌లు నిలిచిపోతాయి.

తెలుగు గడులు, చివరి సరిచూపు

పేర్లు, చిరునామాలు తెలుగులో ఉన్న పాత డేటాలో అవి చాలావరకు యూనికోడ్‌లో ఉండవు. పీసీలో భారతీయ భాషలను వాడడానికి సీడ్యాక్ సంస్థ తయారు చేసిన జిస్ట్ కార్డు వాడిన చోట 1991లో ప్రమాణంగా వెలువడిన ఇస్కీ సంకేతాలు, ఫాంటు ఆధారిత సాఫ్ట్‌వేర్ వాడిన చోట ఆ ఫాంటుకే ప్రత్యేకమైన సంకేతాలు ఉంటాయి. కొత్త యంత్రంలో తెరిస్తే అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి కానీ సమాచారం పోలేదు. ఇస్కీని యూనికోడ్‌లోకి మార్చడానికి స్పష్టమైన పట్టిక ఉంది. ఫాంటు సంకేతాలకు మాత్రం ఆ ఫాంటు ఫైలు చేతిలో ఉండాలి, కాబట్టి దాన్ని కూడా పాత యంత్రం నుంచే కాపీ చేసుకోవాలి.

కాపీ పూర్తయ్యాక ఫైళ్ల సంఖ్యతో తృప్తి పడకుండా, పాత ప్రోగ్రాములో ఒక ఏడాది ముగింపు నిల్వల పట్టిక తీసి, బయటికి తీసిన డేటాతో కట్టిన మొత్తంతో రూపాయి, పైసలతో సహా పోల్చాలి. ఆ పోలికను లెక్కలు చూసే ఉద్యోగి చేతే చేయించి సంతకం తీసుకోవాలి. డిస్కు ప్రతిబింబాన్ని వేర్వేరు చోట్ల రెండు ప్రతులుగా ఉంచాలి. 2013 కంపెనీల చట్టం ప్రకారం లెక్కల పుస్తకాలను కనీసం 8 ఆర్థిక సంవత్సరాలు భద్రపరచాలి కనుక, ఆ గడువు ఏ ఏడాదితో ముగుస్తుందో ఆ ప్రతుల మీదే రాసి ఉంచాలి. ఇవన్నీ ముగిశాకనే సర్వర్‌ను దాని సొంత ఆదేశంతో ఆపాలి. నెట్‌వేర్‌లో అది 'డౌన్', యూనిక్స్‌లో 'షట్‌డౌన్'. ఇక కరెంటు తీయవచ్చన్న సందేశం తెర మీద కనిపించేదాకా స్విచ్చి మీద చేయి వేయవద్దు.