పెయ్యలు సకాలంలో ఎదకు రావడానికి ఖనిజ లవణాలు, మూలికలు వాడే పద్ధతి

పెయ్య ఇంకా ఎదకు రాలేదని బాధపడేవారు సాధారణంగా దాని వయసునే లెక్కిస్తారు. అయితే అండాశయాలు పనిచేయడం మొదలుపెట్టేది వయసు కంటే ఎక్కువగా శరీర బరువును బట్టి. పెద్దయ్యాక ఉండవలసిన బరువులో సుమారు 60 శాతానికి చేరిన పెయ్యను చూలు కట్టించవచ్చు. సంకరజాతి పెయ్యకు ఇది ఇంచుమించు 250 కిలోలు. కాబట్టి ఏ పొడి కొనాలన్నా ముందు టేపు తీసుకోవాలి. ముందుకాళ్ల వెనుక ఛాతీ చుట్టుకొలతను సెంటీమీటర్లలో కొలిచి, దానిని అదే సంఖ్యతో గుణించి, ఆ వచ్చినదానిని భుజం మొన నుంచి పిరుదు ఎముక చివరి వరకు ఉన్న పొడవుతో గుణించి, 10,840తో భాగిస్తే బరువు కిలోలలో తెలుస్తుంది. చుట్టుకొలత 150, పొడవు 120 ఉన్న పెయ్య సుమారు 249 కిలోలు తూగుతుంది.

బరువు తక్కువగా ఉంటే మొదట నట్టల మందు తాగించి, పచ్చిమేత, దాణా సరిచేయాలి. కడుపులో నట్టలు ఉండగా వేసే ఖనిజ లవణాలలో చాలా భాగం వృథా అవుతుంది. అలాగని అతిగా మేపి కొవ్వు పట్టించడం కూడా తగదు. ఎదకు రాకముందే పొదుగులో కొవ్వు పేరుకుంటే పాలను తయారుచేసే కణజాలం తగ్గుతుంది.

వరిగడ్డి మీద ఎక్కువగా ఆధారపడిన పెయ్యలకు ఖనిజ లవణ మిశ్రమం తప్పనిసరి అని నా దృఢమైన అభిప్రాయం. వరిగడ్డిలో భాస్వరం చాలా తక్కువ. అందులోని ఆక్సలేట్లు కాల్షియంను పట్టి ఉంచి ఒంటికి అందనివ్వవు. భాస్వరం కొరవడితే పెయ్య ఎదకు రాకపోవచ్చు, వచ్చినా పైకి లక్షణాలు కనిపించని మూగ ఎదగా గడిచిపోవచ్చు. రాగి, జింకు, మాంగనీసు, కోబాల్ట్, అయోడిన్ కొద్ది మోతాదులోనే అవసరమైనా, వాటి లోపం కూడా ఎదను ఆలస్యం చేస్తుంది. ఎదిగే పెయ్యకు రోజుకు 25 నుంచి 30 గ్రాముల మిశ్రమం సరిపోతుంది. పొడి దాణాపై చల్లితే అది జారి గాడి అడుగున చేరుతుంది, పెయ్య పైది తిని దానిని వదిలేస్తుంది. అందుకే గుప్పెడు తవుడును నీటితో తడిపి, పొడిని అందులో బాగా పట్టించి, ఆ తర్వాత మిగతా దాణాలో కలపాలి. ఫలితం వారంలో కనిపించదు, రెండు మూడు నెలలు మానకుండా ఇవ్వాలి. త్వరగా ఎదకు వస్తుందని మోతాదు పెంచకూడదు, ముఖ్యంగా సెలీనియం హద్దు దాటితే విషమవుతుంది. పశువుల కోసం చేసిన మిశ్రమాన్ని గొర్రెలకు వేయరాదు. వాటికి అందులోని రాగి ప్రమాదకరం.

మూలికల వంతు ఆ తర్వాతే వస్తుంది. ఎదకు వస్తున్నా చూలు నిలవక తిరగపొర్లే పశువులకు పశువైద్యులు సూచించే ఒక సంప్రదాయ వరుస ఉంది: ఎద మొదటి లేదా రెండో రోజు నుంచి రోజుకొక ముల్లంగి చొప్పున 5 రోజులు, తర్వాత రోజుకొక కలబంద మట్ట 4 రోజులు, నాలుగు గుప్పెళ్ల మునగాకు 4 రోజులు, అంతే నల్లేరు 4 రోజులు, చివరి 4 రోజులు నాలుగు గుప్పెళ్ల కరివేపాకును పసుపుతో కలిపి పెట్టాలి. ప్రతిదానినీ ఏ రోజుకారోజు తాజాగా, కొద్దిగా బెల్లం, ఉప్పు చేర్చి తినిపించాలి. మొత్తం 21 రోజులు, అంటే ఒక ఎద చక్రమంత. చూలు ఉన్నదేమో అన్న అనుమానం ఉంటే పరీక్ష చేయించకుండా ఈ వరుస మొదలుపెట్టకూడదు, ఎందుకంటే కలబంద విరేచనకారి.

తగిన బరువు వచ్చి, మూడు నెలలు లవణాలు తిన్నా ఎద కనిపించకపోతే పశువైద్యునితో గర్భాశయాన్ని, అండాశయాలను పరీక్ష చేయించాలి. మగదూడతో కవలగా పుట్టిన పెయ్య అయితే ఆ సంగతి ఆయనకు ముందే చెప్పాలి. అలాంటి పెయ్యలలో పదింట తొమ్మిదికి పైగా పుట్టుకతోనే గొడ్డువి, వాటికి ఏ మిశ్రమమూ పనిచేయదు.