ప్రయోగశాల సందేహాన్ని తరగతి ముందు ఉంచే పద్ధతి

బెంగళూరు కళాశాలల్లో బీఎస్సీ చదివే మన విద్యార్థులలో కొందరు ఇంగ్లీషులో అడగాలన్న జంకుతోనే సందేహాన్ని దాచుకుంటారు; ముందుగా దాన్ని తెలుగులో రాసుకోవడం మేలు. ‘లోలకం ప్రయోగం అర్థం కాలేదు’ అంటే ఎవరూ సాయపడలేరు. పొడవు 100 సెంటీమీటర్లు, 20 డోలనాలకు 38.2 సెకన్లు, గురుత్వ త్వరణం 10.8 వచ్చిందని కొలతలన్నీ ఇవ్వాలి. అప్పుడు, గుండును వదిలిన క్షణాన్నే ‘ఒకటి’గా లెక్కించినందువల్ల నిజానికి 19 డోలనాలే పూర్తయ్యాయని, ‘సున్నా’తో మొదలుపెడితే 20 డోలనాల కాలం 40 సెకన్లు దాటి, గురుత్వ త్వరణం అసలు విలువైన 9.8 దగ్గరకు వస్తుందని తోటి విద్యార్థులే పట్టుకోగలరు. జవాబిచ్చేవారు తుది అంకె చెప్పి ఊరుకోకుండా, తేడా ఏ మెట్టు దగ్గర వచ్చిందో చూపాలి. అధ్యాపకులు కాస్త ఆగి కలగజేసుకోవాలి. ఆ ఓపిక అందరికీ ఉండదనుకోండి.